కాన్పు తర్వాత పోయిన రక్తాన్ని కంటితో అంచనా వేయడం ఎలా నేర్చుకున్నారు?

మిడ్‌వైఫ్ శిక్షణలో ఉన్నాను, సీనియర్ అక్క వెంట ఇంటి కాన్పులకు వెళ్తున్నాను. బిడ్డ గుండె చప్పుడు వినడం అలవాటైంది. నొప్పి తగ్గగానే డాప్లర్ (బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న యంత్రం) పెట్టి నిమిషం లెక్కపెడతాను, 110 నుంచి 160 మధ్య ఉంటే ధైర్యం. నా టెన్షన్ అంతా మాయ పడ్డాకే. 500 మిల్లీలీటర్లు దాటితే అధిక రక్తస్రావం అని చదివాను. మొన్న తడిసిన గుడ్డలు చూసి 300 ఉంటుందనుకున్నాను. అక్క మాత్రం వెంటనే గర్భసంచి ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇచ్చి, గర్భసంచి గట్టిపడేదాకా పొట్ట మీద మర్దన చేసింది. తర్వాత గుడ్డలు తూచి, పొడిగుడ్డల బరువు తీసేస్తే 600 గ్రాములు, అంటే దాదాపు 600 మిల్లీలీటర్లు! తల్లి బాగానే ఉంది, కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తూచేంత టైమ్ లేనప్పుడు మీ కన్ను ఎలా కుదిరింది? ఇంట్లో రంగునీళ్లతో సాధన చేస్తే సరిపోతుందా? ఇక ఆస్పత్రికి వెళ్లాల్సిందేనని ఏ గుర్తులు చూసి నిర్ణయిస్తారు? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.