సీబీఎల్‌లో (కేసింగ్ వెనక సిమెంట్ పట్టిందో లేదో శబ్దంతో చూసే లాగ్) సున్నపురాయి దగ్గర యాంప్లిట్యూడ్ (అల బలం) పెరిగితే సిమెంట్ పట్టనట్టేనా?

ప్రొద్దుటూరు పిల్లోడు:
అన్నలూ, ముంబై ఆఫ్‌షోర్ రిగ్‌లో ట్రెయినీ డ్రిల్లింగ్ ఇంజనీర్‌ని, ఇప్పుడు సెలవుకి ఇంటికొచ్చినా. 7 అంగుళాల కేసింగ్‌కి (బావిలో దించే ఉక్కు గొట్టం) తీసిన సీబీఎల్-వీడీఎల్ (వీడీఎల్ అంటే వచ్చిన అలల్ని గీతలుగా చూపే పటం) ముందేసుకుని కూర్చున్నా. పైన సిమెంట్ లేని చోట యాంప్లిట్యూడ్ 60 మిల్లీవోల్ట్‌లు దాటింది, షేల్‌లో (మట్టిరాయి) 4, 5కి పడిపోయింది, అంటే సిమెంట్ పట్టినట్టే, అంతవరకు బాగుంది. సున్నపురాయి తగలగానే 20కి ఎగబాకింది. స్క్వీజ్ (కేసింగ్‌కి బెజ్జాలు వేసి వెనక్కి సిమెంట్ నెట్టడం) కొట్టాల్సిందే అంటాడు మా షిఫ్ట్‌లో ఒకాయన. నిజంగా బాండ్ లేనట్టేనా?

ఎర్రగుంట్ల నాపరాయి:
యాంప్లిట్యూడ్ ఒక్కటే చూసి స్క్వీజ్ అంటే ఎట్లా తమ్ముడూ, పక్క ట్రాక్‌లో ట్రావెల్ టైమ్ (శబ్దం రిసీవర్‌కి చేరే సమయం) చూడు. ఉక్కులో శబ్దానికి అడుగుకి 57 మైక్రోసెకన్లు పడుతుంది, గట్టి సున్నపురాయిలో 48 లోపే, డోలమైట్‌లో ఇంకా తక్కువ. సిమెంట్ గట్టిగా పట్టి శబ్దం రాతిలోకి దిగిందంటే, రాతి మీదుగా వచ్చే అల కేసింగ్ అల కన్నా ముందే రిసీవర్‌కి చేరుతుంది, టూల్ పాపం దాన్నే కేసింగ్ అనుకుని కొలిచేస్తుంది. మన ఊరి చుట్టూ ఉండే నాపరాతిలో బావి వేసినా ఇదే తంతు. అయితే బొక్కలున్న సున్నపురాయిలో 70, 80 కూడా రావచ్చు, అప్పుడు ఈ సాకు చెల్లదు. అదే డెప్త్‌లో ఓపెన్ హోల్ సోనిక్ (కేసింగ్ దించకముందు రాతిలో శబ్దానికి పట్టే సమయం కొలిచిన లాగ్) ఎంతుంది?

ప్రొద్దుటూరు పిల్లోడు:
50 ఉందన్నా. ట్రావెల్ టైమ్ కూడా అక్కడ 10 మైక్రోసెకన్ల దాకా తగ్గింది. టూల్ పక్కకి ఒరిగినా తగ్గుతుంది కదా?

కర్నూలు వైర్‌లైన్:
తగ్గుతుంది, కానీ టూల్ ఒరిగితే యాంప్లిట్యూడ్ కూడా పడిపోతుంది, నీకు పెరిగింది. వీడీఎల్ చూడు: కేసింగ్ అలలైతే స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా దిగి కాలర్ల (కేసింగ్ గొట్టాల అతుకులు) దగ్గర డబ్ల్యూలా విరుగుతాయి, రాతి అలలు సోనిక్‌తో పాటే అటూ ఇటూ ఊగుతాయి. ప్రెషర్ పెట్టి తీసిన రెండో పాస్ ఉంటే అదీ పక్కన పెట్టుకో, మైక్రో యాన్యులస్ (కేసింగ్‌కి సిమెంట్‌కి మధ్య సన్న సందు) అయితే ప్రెషర్‌కి యాంప్లిట్యూడ్ దిగుతుంది, రాతి వల్ల అయితే పెద్దగా కదలదు.

ప్రొద్దుటూరు పిల్లోడు:
కాలర్ గుర్తులు అక్కడ అసలు లేవు, అలలు ఊగుతున్నాయి. ప్రెషర్ పాస్ తీయలేదు. అయితే స్క్వీజ్ వద్దని చెప్పేయనా?

ఎర్రగుంట్ల నాపరాయి:
ఆగు, అంత తొందరొద్దు. సీబీఎల్ చెప్పేది చుట్టూతా సగటు, ఒక పక్కన సన్న చానల్ (సిమెంట్ లేని దారి) ఉంటే దానికి దొరకదు. ఆ భాగం వరకు అల్ట్రాసోనిక్ (చుట్టూతా ఒక్కో పక్కని విడిగా చూసే లాగ్) తీయమని అడుగు, స్క్వీజ్ కోసం బాగున్న కేసింగ్‌కి బెజ్జాలు కొట్టుకోవడం కన్నా ఆ ఖర్చే నయం.