నాలుగు నెలలుగా కుర్చీలే పేరుస్తున్నాను, ఇంకోసారి అడగొచ్చా?

మర్రిపాలెం కొత్తవాడు:
విజయనగరం నుంచి ఉద్యోగం మీద వైజాగ్ వచ్చాను. ఇంటి దగ్గరున్న సంఘానికి వెళ్తున్నాను. మా ఊళ్లో సండే స్కూల్ చెప్పేవాణ్ణి, కీబోర్డు వాయిస్తాను. ఇక్కడ వాలంటీర్‌గా ఏదైనా చేస్తానంటే పాస్టరు గారు "ముందు యూత్‌తో కలవండి" అన్నారు. కలిశాను. ఆరాధన అయ్యాక ప్లాస్టిక్ కుర్చీలు పదేసి చొప్పున పేర్చి గోడకు చేర్చడం, అంతే పని. మళ్లీ అడిగితే బాగుండదా?

బీచ్‌రోడ్ బ్రదర్:
వాలంటీర్ అనకు తమ్ముడూ, 2019లో ప్రభుత్వం పెట్టిన, ఇంటింటికీ పింఛన్లు ఇచ్చినవాళ్లు గుర్తొస్తారు. వాళ్లకైనా నెలకి ఐదు వేలు వచ్చేవి.

పాతపట్నం పెద్దాయన:
దాన్ని పరిచర్య అంటారు బాబూ. నేను మూడేళ్లు చాపలు దులిపాకే నా చేతికి మైకు వచ్చింది. హుద్‌హుద్ తుఫాను ఆదివారం నాడే వచ్చింది, 2014 అక్టోబర్ 12. రేకులన్నీ ఎగిరిపోయాయి. తరువాతి ఆదివారానికి టార్పాలిన్ కట్టింది కుర్చీలు మోసినవాళ్లే, పాటలు పాడేవాళ్లు కాదు. 1805లో లండన్ మిషన్ దొరలు ఈ ఊరొచ్చి ముందు తెలుగు నేర్చుకోడానికి కూర్చున్నారు. మనకి నాలుగు నెలలు ఓపిక లేదు.

గాజువాక సిస్టర్:
ఆ దొరల దగ్గరికి కొత్తగా వచ్చిన ఆనందరాయర్‌ని నేరుగా సువార్తల అనువాదంలో కూర్చోబెట్టారు అంకుల్. చాపలు దులపమన్నట్టు ఎక్కడా చదవలేదు.

పాతపట్నం పెద్దాయన:
చదువుకున్నవాడు కాబట్టి. అయినా అపొస్తలుల కార్యములు 6 చూడమ్మా. బల్లల దగ్గర సేవకే ఏడుగురిని ఏర్పరచుకున్నారు. అందులో స్తెఫను ఒకడు. భోజనాల పని చిన్న పనా?

గాజువాక సిస్టర్:
మొదటి వచనం వదిలేశారు. రోజువారీ పంపకంలో తమ విధవరాండ్రను పట్టించుకోలేదని కొందరు సణిగితేనే కదా ఆ ఏడుగురూ వచ్చింది. అడిగితేనే జరిగింది.

పాతపట్నం పెద్దాయన:
వాళ్లు అన్నం అడిగారు, కీబోర్డు కాదు.

గోపాలపట్నం:
😂

గాజువాక సిస్టర్:
నవ్వండి. మా అమ్మ ఇరవై ఏళ్లు క్రిస్మస్ ప్రేమవిందుకి ఉల్లిపాయలు తరిగింది. తెల్లారి నాలుగింటికి వెళ్లి, కళ్లు తుడుచుకుంటూ, అరటాకులో చుట్టిన చాకు తనదే తీసుకెళ్లి. కిందటేడు పక్షవాతం వచ్చి మూడు ఆదివారాలు వెళ్లలేదు. ఒక్కరూ రాలేదు. అదే మూడు వారాల్లో, సౌండ్ సిస్టమ్ కొనిచ్చిన ఆయన పెళ్లిరోజుకి మాత్రం స్టేజీ మీదికి పిలిచి ప్రార్థన చేశారు.

పాతపట్నం పెద్దాయన:
బాధే. కానీ ఎవరికైనా తెలియజేశారా? చెప్పకుండా సంఘానికి ఎలా తెలుస్తుంది?

గాజువాక సిస్టర్:
వంటశాలలో ఆవిడ పీట ఖాళీగా ఉంటే తెలియదా అంకుల్? నేను మైకు కోసం ఏడవట్లేదు. పని అందుతున్నప్పుడు మనిషి కనపడదు, అదీ నా గొడవ. ఈ అబ్బాయి రేపు జ్వరమొచ్చి పడుంటే వాళ్లకి పేర్చని కుర్చీలే కనిపిస్తాయి.

పాతపట్నం పెద్దాయన:
మా సంఘంలో కుర్చీలు మోసే కుర్రాళ్లే లేరమ్మా. అరవై దాటిన నలుగురం మోస్తున్నాం. మా అబ్బాయి కూడా డ్రమ్స్ ఇస్తేనే వస్తానన్నాడు, ఇవ్వలేదు, మానేశాడు. రెండేళ్లయింది. కీబోర్డు అనే మాట వింటే నాకు కోపం అందుకే వస్తుంది. అమ్మగారికి ఇప్పుడెలా ఉంది?

గాజువాక సిస్టర్:
కుడి చెయ్యి ఇంకా లేవట్లేదు.

గోపాలపట్నం:
కొత్తవాడు బ్రదర్, మా కీబోర్డు అన్నయ్యది స్టీల్ ప్లాంట్. ఉదయం షిఫ్టు పడిన ఆదివారం చప్పట్లతోనే పాడుకుంటున్నాం. వస్తారా?

మర్రిపాలెం కొత్తవాడు:
లొకేషన్ పెట్టండి అన్నా.

పాతపట్నం పెద్దాయన:
చూశారా! మరి ఆ ఆదివారం మర్రిపాలెంలో కుర్చీలు ఎవరు పేరుస్తారు?