అప్‌డేట్: పగిలిన టైల్స్‌తో బడి గోడ మీద నెమలి

మా ఊరి బడి ప్రహరీకి పగిలిన టైల్స్, గాజు ముక్కలతో నెమలి బొమ్మ చేద్దామనుకుంటున్నాం, ఎండావానలకి నిలుస్తుందా అని అడిగాను కదా. నెమలి అయిపోయింది!

పాత సున్నం పూర్తిగా గీకేశాకే అంటించమన్నవాళ్లకి దండం. అదే అసలు పని, బొమ్మ తర్వాత సంగతి. టైల్స్ షాపాయన పగిలిన ముక్కలన్నీ ఊరికే ఇచ్చేశాడు: "తీసుకెళ్లండమ్మా, పారబోయించే ఖర్చు తప్పింది" అని. పగిలిన చేతిగాజులు మాత్రం ఊరంతా ఇచ్చారు, ఆకుపచ్చవే ఎక్కువ.

గాజు నున్నగా ఉంటుంది కాబట్టి పైపైన అంటిస్తే ఊడుతుంది. తడి తెల్ల సిమెంట్‌లో సగం లోతుకి గుచ్చాం. మెడంతా అవే, పొద్దున ఎండ పడితే నీలంగా, పచ్చగా మెరుస్తోంది. పిల్లల చేతికి అందే ఎత్తులో టైల్స్ తప్ప గాజు పెట్టలేదు, టైల్స్ అంచులు కూడా సానరాయితో అరగదీశాం. సందుల్లో సిమెంట్ నింపి, ఆరకముందే తడి స్పాంజితో తుడవాలి. ఆరిందంటే ముక్కల మీద మిగిలిన తెల్లటి సిమెంట్ పొర ఒక పట్టాన వదలదు.

పారేసిన వస్తువులతో చేసిన బొమ్మల తోట, చండీగఢ్ రాక్ గార్డెన్ ఫొటోలు చూడమన్నవాళ్లకి థాంక్స్. దాన్ని కట్టిన నేక్‌చంద్ అక్కడ గాజుల ముక్కలతో బొమ్మలకి బట్టలే తొడిగేశాడు. 1976లో తెరిచిన తోట, ఇప్పటికీ చూడ్డానికి జనం వెళ్తూనే ఉన్నారు. మా ధైర్యం అదే.

నీలం టైల్స్ ఇంకా ఒక బస్తా మిగిలాయి. ఎదురు గోడకి చేప వేయమంటున్నారు పిల్లలు.