లె మాన్ 24 గంటల పందేనికి నాన్నగారిని తీసుకెళ్ళాలి: ఎక్కడ కూర్చోవాలి, ఏ గంటలు చూడాలి?

ప్రశ్న (మ్యూనిక్ నుంచి)

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నేను జర్మనీలో ఉంటున్నాను. వచ్చే వేసవిలో అమ్మా నాన్నా విజయవాడ నుంచి మా దగ్గరికి వస్తున్నారు. నాన్నగారు ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనకు అరవై ఆరేళ్ళు. బానెట్ ఎత్తకుండానే, చప్పుడు విని జబ్బు ఎక్కడుందో చెప్పగల మనిషి. జూన్‌లో ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ పందేనికి ఆయనను తీసుకెళ్ళాలన్నది నాకు ఎప్పటినుంచో ఉన్న కోరిక.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందేన్ని మేమిద్దరం స్టాండులో కూర్చుని చూశాం. కార్లు వచ్చినంత వేగంగానే కనుమరుగయ్యేవి. ఎవరు ముందున్నారో, ఎవరు వెనకబడ్డారో తెర మీద చూస్తే తప్ప తెలిసేది కాదు. పైగా అవన్నీ విద్యుత్ కార్లు కావడంతో, ఇంజను చప్పుడు లేని పందెం నాన్నగారికి అంతగా రుచించలేదు. గంటలోపు ముగిసిన పందెమే అర్థం చేసుకోవడం కష్టమైనప్పుడు, పదమూడున్నర కిలోమీటర్ల దారిలో ఒక పగలూ ఒక రాత్రీ సాగే పందెంలో ఆయనకు ఏం తెలుస్తుంది, ఎంతసేపు ఓపిక పట్టగలరు అన్నది నా సందేహం. ఆయనకు మోకాళ్ళ నొప్పులున్నాయి. ఎక్కువ దూరం నడవలేరు. మాంసాహారం ముట్టరు. స్టాండులో సీటు కొనాలా, మామూలు ప్రవేశ టికెట్ చాలా? రాత్రంతా ఉండాలా? వెళ్ళినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (పారిస్ నుంచి)

నమస్కారమండీ. నేను ఈ పందేనికి తరచుగా వెళ్తుంటాను. మీ నాన్నగారి వృత్తి చెప్పారు కాబట్టి నా జవాబు సులువైపోయింది: పిట్‌లకు, అంటే పందెం మధ్యలో కార్లు ఆగి ఇంధనం, టైర్లు తీసుకునే చోటుకు, ఎదురుగా ఉన్న స్టాండులో సీటు తీసుకోండి. అక్కడి నుంచి కనిపించే ట్రాక్ కొద్దిపాటిదే అయినా, మెకానిక్‌గా బతికిన మనిషికి పిట్‌ల ముందు జరిగే పని చూడటంలో ఉన్నంత ఆసక్తి మరెక్కడా ఉండదు.

ఫార్ములా వన్‌లో ఇరవై మంది చుట్టుముట్టి రెండు మూడు సెకన్లలో నాలుగు చక్రాలు మార్చేస్తారు. మామూలు కళ్ళకు అందులో ఏమీ అందదు. ఇక్కడ అలా కాదు. కారు ఆగగానే ఇంజను ఆపేయాలి, ముందు ఇంధనం నింపాలి, అది పూర్తయ్యేదాకా టైర్ల మీద చేయి వేయకూడదు, ఆ తర్వాత కొద్దిమంది మాత్రమే వరసగా చక్రాలు మారుస్తారు. ఈలోగా ఒక డ్రైవరు దిగి మరొకరు ఎక్కడం, ఎక్కినవారికి బెల్టులు బిగించడం కూడా జరుగుతుంది. ఒక్కో కారుకు ముగ్గురు డ్రైవర్లుంటారు. మొత్తం మీద ఏ ఒక్కరూ 14 గంటలకు మించి నడపకూడదు, ఏ ఆరు గంటల వ్యవధిలోనైనా నాలుగు గంటలు దాటకూడదు. ముందు వరసలోని కార్లు దాదాపు ముప్పావు గంటకొకసారి లోపలికి వస్తాయి కాబట్టి, అరవై పైచిలుకు కార్లలో ఎప్పుడూ ఏదో ఒకటి ఆయన కళ్ళెదుట ఉంటుంది.

అంతకన్నా ముఖ్యమైనది మరమ్మతు. దెబ్బతిన్న కారును వెనక్కి నెట్టి గ్యారేజీలోకి తీసుకుపోతారు. విరిగిన సస్పెన్షన్ మార్చి, గంట పోయినా రెండు గంటలు పోయినా మళ్ళీ ట్రాక్ మీదికి పంపుతారు. విజేత తిరిగిన దూరంలో కనీసం 70 శాతం పూర్తిచేసి, చివరలో గీత దాటిన కారుకే ఫలితాల పట్టికలో స్థానం దక్కుతుంది. గెలుపు మీద ఆశ ఎప్పుడో పోయిన జట్టు ఆ 70 శాతం కోసం తెల్లవారుజామున కారు కింద పడుకుని బోల్టులు బిగించడం ఈ పందెంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం. డిపోలో రాత్రి డ్యూటీలు చేసిన మీ నాన్నగారికి దాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక ఏ కారు ఎక్కడుందో తెలియడం గురించి. ఒకే ట్రాక్ మీద మూడు పందేలు కలిసి నడుస్తాయని ముందే చెప్పండి. అన్నిటికన్నా వేగమైనవి హైపర్‌కార్లు, వాటి తర్వాత పందేలకోసమే తయారుచేసిన ఎల్‌ఎంపీ2 కార్లు, చివరగా రోడ్డు మీద తిరిగే మోడళ్ళ నుంచి తయారైన ఎల్‌ఎంజీటీ3. హైపర్‌కారు ఒక చుట్టును మూడున్నర నిమిషాల్లో ముగిస్తే, జీటీ3 కారుకు దాదాపు నాలుగు నిమిషాలు పడుతుంది. అందువల్ల ఎవరో ఒకరు ఎవరినో దాటుతూనే ఉంటారు. ఆ దాటడాలన్నీ స్థానాల కోసం కాదన్నది తెలిస్తే అయోమయం సగం తగ్గుతుంది. ఒక్కో తరగతిలో ఒక్కో కారును మనదిగా ఎంచుకుని దాన్నే వెంబడించండి. హైదరాబాద్‌లో గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ ఇక్కడ ప్యూజో హైపర్‌కారు నడిపాడు. నాన్నగారికి ఆ పేరు గుర్తుంటే అక్కడ నుంచే మొదలుపెట్టవచ్చు. మన దేశం నుంచి ఈ పందెంలో పాల్గొన్న మొదటి వ్యక్తి కరుణ్ చందోక్. 2012లో ఆయన జట్టు మొత్తం మీద ఆరో స్థానంలో నిలిచింది. ఇంగ్లీషు వ్యాఖ్యానం 91.2 ఎఫ్‌ఎంలో వస్తుంది. అన్ని లక్షల మంది ఒకచోట చేరినప్పుడు ఫోన్ నెట్‌వర్కును నమ్మలేం కాబట్టి చిన్న ట్రాన్సిస్టరు ఒకటి పట్టుకెళ్ళండి.

చప్పుడు విషయంలో ఆయనకు నిరాశ ఉండదు. 2025లో ఆస్టన్ మార్టిన్ వాల్కిరీ ఆరున్నర లీటర్ల పన్నెండు సిలిండర్ల ఇంజనుతో పరుగెత్తింది. కాడిలాక్‌ది ఐదున్నర లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను. రెండింటికీ టర్బో (ఇంజనులోకి అదనపు గాలిని తోసే పరికరం) లేదు. ఫెరారీ, టయోటాలవి టర్బో ఉన్న ఆరు సిలిండర్ల ఇంజన్లు. ఒక అరగంట కూర్చుంటే, కళ్ళు మూసుకుని ఏ కారు వస్తోందో ఆయనే మీకు చెబుతారు.

సమాధానం 2 (స్టుట్‌గార్ట్ నుంచి)

పై సలహాతో నేను పూర్తిగా ఏకీభవించను. స్టాండు సీటు ధర ఎక్కువ, పైగా మెట్లు ఎక్కాలి. సాధారణ ప్రవేశ టికెట్‌తోనే డన్‌లప్ వంతెన దగ్గరి గట్ల మీద, తెర్త్ర్ రూజ్, ఆర్నాజ్ మలుపుల దగ్గర నిలబడి చూడవచ్చు. ఒక మడత కుర్చీ ఉంటే పెద్దవారికి అది చాలు. అసలు లె మాన్ అందమంతా ఒకచోట కూర్చోకుండా తిరగడంలో ఉందని నా అభిప్రాయం. అయితే మోకాళ్ళ నొప్పులున్న మనిషి తడిగడ్డి మీద వాలుగా ఉన్న గట్టు ఎక్కాలంటే కష్టమేనని నేనూ ఒప్పుకుంటాను. ఆ గట్లను ఒకసారి ఫొటోల్లో చూసి నిర్ణయించుకోండి.

ప్రయాణం గురించి నాలుగు మాటలు. మీ అమ్మానాన్నలు ఎక్కువ రోజులు ఉండబోయేది జర్మనీలో కాబట్టి వీసాకు జర్మనీకే దరఖాస్తు చేయాలి. ఆ షెంగెన్ వీసాతోనే ఫ్రాన్స్‌కు వెళ్ళవచ్చు. మ్యూనిక్ నుంచి వచ్చే రైలు పారిస్‌లో గార్ ద లెస్త్ స్టేషన్‌లో దింపుతుంది, లె మాన్ రైళ్ళు బయలుదేరేది మాత్రం మోంపర్నాస్ నుంచి. రెండింటినీ నాలుగో నంబరు మెట్రో కలుపుతుంది గాని, సామానుతో, పెద్దవారితో ఆ సొరంగాల్లో నడవడం కన్నా టాక్సీ మంచిది. మోంపర్నాస్ నుంచి లె మాన్‌కు టీజీవీ అనే వేగవంతమైన రైలులో దాదాపు గంట. ఊరి స్టేషన్ దగ్గర ట్రామ్ ఎక్కితే ఆంతారెస్ దగ్గర, అంటే సర్క్యూట్ పక్కనే దిగవచ్చు.

టికెట్లను నిర్వాహకులైన ఆటోమొబైల్ క్లబ్ ద లూయెస్ట్ వారి సైటులోనే కొనండి. అంతకుముందు ఏడాది శరదృతువులోనే అమ్మకం మొదలవుతుంది, మంచి స్టాండులు త్వరగా అయిపోతాయి. ఇటీవలి సంవత్సరాల్లో ఆ వారం మూడు లక్షలకు పైగా జనం వస్తున్నారు. లె మాన్ ఊళ్ళో గది దొరకడం దుర్లభం. ఆంజెర్స్, తూర్ పట్టణాల్లో గదులు చూడండి. రెండింటి నుంచీ రైళ్ళున్నాయి. తిండికి దిగులు పడకండి. బయట అమ్మేవాటిలో శాకాహారికి దొరికేవి చీజ్ పెట్టిన బ్రెడ్డు, వేయించిన బంగాళాదుంపలు, పల్చని దోసెల్లాంటి తీపి క్రేప్‌లు. కానీ ఇంటి నుంచి పులిహోర, చపాతీలు తెచ్చుకోవచ్చు. గాజు సీసాల్లో మాత్రం ఏమీ తేవద్దు.

సమాధానం 3 (లియాన్ నుంచి)

నేను చెవి, ముక్కు, గొంతు వైద్యురాలిని. పైన ఇద్దరూ చప్పుడు గురించి అంత ఆనందంగా రాశారు గాని, చెవుల రక్షణ సంగతి ఎవరూ ఎత్తలేదు. గ్యారేజీలో జీవితమంతా పనిచేసినవారికి వినికిడి ఎంతో కొంత తగ్గి ఉండే అవకాశం ఎక్కువ. అలాంటివారు "నాకిది అలవాటే" అని చెవులకు ఏమీ పెట్టుకోరు. ఇప్పటికే దెబ్బతిన్న చెవికే మరింత జాగ్రత్త కావాలి. పెద్ద చప్పుడు వల్ల పోయిన వినికిడి తిరిగి రాదు.

మందుల షాపులో దొరికే, చెవుల్లో పెట్టుకునే నురుగు బిళ్ళలు (ఇయర్ ప్లగ్‌లు) చాలు, కాని పెట్టుకునే పద్ధతి తెలియాలి. బిళ్ళను వేళ్ళ మధ్య సన్నగా నలిపి, మరో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బి బిగుసుకునేదాకా వేలితో అదిమి ఉంచాలి. సగం బయటికి కనిపిస్తోందంటే అది పనిచేయడం లేదన్నమాట. మీ నాన్నగారు ఇంజన్ల తేడాలు వినలేనేమోనని దిగులుపడతారు; చప్పుడు తగ్గుతుందే గాని వాటి మధ్య తేడా తెలుస్తూనే ఉంటుంది. బిళ్ళల మీద, చెవులను పైనుంచి మూసే ఇయర్ మఫ్ కూడా పెడితే ఇంకా మంచిది.

విజయవాడ ఎండలకు అలవాటుపడిన మనిషికి అక్కడి జూన్ రాత్రి చలిగానే ఉంటుంది. పగలు టోపీ, రాత్రి స్వెట్టర్, వానకు పొడవాటి కోటు, మూడూ ఉండాలి. బీపీ, షుగర్ మందులుంటే రెండు రోజులవి చేతి సంచీలోనే పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. నాన్నగారికి ఫోన్‌లో మరమ్మతుల సంగతి, 70 శాతం నియమం చదివి వినిపించాను. గేర్‌బాక్సు మార్చడానికి వాళ్ళకు ఎంతసేపు పడుతుందని వెంటనే అడిగారు. పిట్‌ల ఎదుటి స్టాండుకే నిర్ణయించుకున్నాం. మిగిలింది ఒక్కటే: అన్ని గంటల్లో ఏవి వదులుకోవచ్చు, ఏవి వదులుకోకూడదు?

సమాధానం 1 (పారిస్ నుంచి)

పందెం శనివారం సాయంత్రం నాలుగింటికి మొదలవుతుంది. మధ్యాహ్నం రెండుకల్లా సీట్లో ఉండండి, మొదటి మూడు నాలుగు గంటలు కదలవద్దు. తొలి పిట్ విరామాలన్నీ అప్పుడే చూడవచ్చు. ఎదురుగా కనిపించే ఆ రోడ్డు మీదే పూర్వం డ్రైవర్లు పరుగెత్తుకెళ్ళి కార్లెక్కేవారు. తొందరలో బెల్టులు సరిగా పెట్టుకోలేకపోవడాన్ని నిరసిస్తూ 1969లో జాకీ ఇక్స్ నింపాదిగా నడిచి వెళ్ళి, అందరికన్నా చివర బయలుదేరి, చివరికి దాదాపు 120 మీటర్ల తేడాతో గెలిచాడు. అలా పరుగెత్తడం ఆ ఏడాదితోనే ఆగిపోయింది.

రాత్రి పది ప్రాంతంలో పొద్దు కుంకుతుంది. నాన్నగారికి ఓపిక ఉంటే అప్పుడు షటిల్ బస్సులో ఆర్నాజ్ మలుపుకు తీసుకెళ్ళండి. సర్క్యూట్ మొత్తంలో అన్నిటికన్నా నెమ్మదైన మలుపు అదే. బ్రేకు వేసిన కార్ల చక్రాల లోపల డిస్కులు ఎర్రగా కాలి కనిపిస్తాయి, గేర్లు ఒక్కొక్కటిగా దిగడం విడివిడిగా వినిపిస్తుంది. హైదరాబాద్‌లో చూడలేకపోయినదంతా అక్కడ తీరుబడిగా చూడవచ్చు. కార్లు గంటకు 330 కిలోమీటర్లు దాటే ఉనోదియెర్ రోడ్డు పక్కకు వెళ్ళాలని మాత్రం ప్రయత్నించవద్దు; అక్కడ ప్రేక్షకులకు అనుమతి లేదు. 1955లో స్టాండు ముందే జరిగిన ప్రమాదంలో ఎనభై మందికి పైగా చనిపోయిన సర్క్యూట్ ఇది. కంచెలూ, నిషేధాలూ ఎందుకున్నాయో అది తెలిసినవారికి వేరే చెప్పాల్సిన పని లేదు.

అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా ఉన్న గంటలను ఆయన నిశ్చింతగా వదులుకోవచ్చు. 2024లో వాన వల్ల రాత్రిపూట నాలుగు గంటలకు మించిన సేపు కార్లన్నీ, వేగం తగ్గించి వరసగా నడిపించే సేఫ్టీ కారు వెనకే తిరిగాయి. మేలుకుని కూర్చున్నవారికి దక్కింది అంతే. చీకటిలో కార్లను చూడాలన్న కోరిక బలంగా ఉండి, శనివారం ఆలస్యమవుతుందని భయముంటే, బుధవారం ప్రాక్టీసుకు రండి. అది అర్ధరాత్రి దాకా సాగుతుంది, జనమూ తక్కువ. నన్నడిగితే, పెద్దవారితో వచ్చేవారికి ఆ రాత్రే మేలు. శుక్రవారం కార్లు తిరగవు, ఊళ్ళో డ్రైవర్ల ఊరేగింపు ఉంటుంది. జనం తొక్కిడి ఎక్కువ కాబట్టి ఆయనకు అది విశ్రాంతి రోజు చేయండి, లేదా సర్క్యూట్ ముఖద్వారం దగ్గరి మ్యూజియం చూపించండి.

ఆదివారం ఉదయం పది, పదకొండు మధ్య తిరిగి సీటుకు చేరండి, చివరి గంట మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. 2016లో ముందంజలో ఉన్న టయోటా శక్తి కోల్పోయి, కేవలం మూడు నిమిషాలు మిగిలి ఉండగా, సరిగ్గా ఈ స్టాండుల ముందే ఆగిపోయింది, పోర్షె గెలిచింది. అన్ని గంటలు అంత బాగా పరుగెత్తిన ఆ కారుకు, చివరి చుట్టు నిర్ణీత సమయంలో పూర్తి చేయలేదన్న కారణంతో, ఫలితాల్లో స్థానమే ఇవ్వలేదు.

పందెం ముగియగానే జనం ట్రాక్ మీదికి దిగి విజేతలు నిలబడే పోడియం వైపు పరుగెడతారు. మీరు దిగకండి. గంటసేపు సీట్లోనే కూర్చుని, మిగిలిన పులిహోర తిని, ట్రామ్ దగ్గర వరస తగ్గాక నెమ్మదిగా బయలుదేరండి. ఆ సాయంత్రానికి తిరుగు రైలు పెట్టుకోకుండా సోమవారానికి టికెట్ తీసుకోండి. గేర్‌బాక్సు ప్రశ్నకు జవాబు జట్టును బట్టి, దెబ్బను బట్టి మారుతుంది; ఆ సీటు నుంచి నాన్నగారే వాచీ పెట్టి చూసుకోవచ్చు.