నాగిన్ కొత్త వయల్ మొదలుపెట్టాక ఆర్గనాయిడ్స్ మూడో పాసేజ్‌కి చచ్చిపోతున్నాయి, ఎవరికైనా ఇలా అయిందా?

క్రిప్ట్‌పిల్ల:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ రెండో ఏడు చేస్తున్నా, మౌస్ చిన్నపేగు క్రిప్ట్స్ (పేగు గోడలో మూలకణాలుండే గుంటలు) నుంచి ఆర్గనాయిడ్స్ (డిష్‌లో పెరిగే బుల్లి పేగు ముద్దలు) పెంచుతున్నాను. మీడియం అందరూ వాడేదే, దాంట్లో కణాలు పెరగడానికి వేసే ప్రోటీన్లు ఎంఎల్‌కి ఈజీఎఫ్ 50 నానోగ్రాములు, రికాంబినెంట్ హ్యూమన్ నాగిన్ (బీఎంపీ అనే సిగ్నల్ ప్రోటీన్‌ని అడ్డుకునేది) 100, ఆర్-స్పాండిన్ 500. మొదటి పాసేజ్‌లో (అంటే విడగొట్టి మళ్ళీ కొత్త జెల్‌లో పెట్టడం) మొగ్గలు ముచ్చటగా వచ్చాయి, రెండోదానికి తగ్గిపోయాయి, మూడోదాంట్లో మ్యాట్రిజెల్ (అవి పెరిగే జెల్) చుక్కలో అన్నీ గుండ్రంగా నల్లటి ముద్దలే, ఒక్క మొగ్గ లేదు. రెండుసార్లు కొత్తగా క్రిప్ట్స్ తీసి మొదలుపెట్టినా ఇదే కథ. మా సార్ ఆర్-స్పాండిన్ పాడైందేమో చూడమంటున్నారు, నాకేమో నాగిన్ మీదే అనుమానం. 100 మైక్రోగ్రాముల వయల్ మే నెలలో వచ్చింది, డబ్బా తెరిచేసరికి ఐస్ ప్యాక్‌లన్నీ నీళ్ళైపోయి ఉన్నాయి. ఇంకో సందేహం, ఇది మనిషి ప్రోటీన్ కదా, మౌస్ కణాల మీద సరిగ్గా పనిచేస్తుందా? మూడు నెలలు పోయాయండి, చాలా దిగులుగా ఉంది.

బెంగళూరు అక్క:
దిగులు పడకు అమ్మా, నువ్వు రాసిన తీరు చూస్తే నీ అనుమానమే నిజమనిపిస్తోంది. ఆర్-స్పాండిన్ పనిచేయకపోతే మూడో పాసేజ్ దాకా ఆగవు, కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి. నాగిన్ లేకపోతే మొదట్లో బానే పెరిగినట్టు కనిపించి పాసేజ్ చేసేకొద్దీ పడిపోతాయి. 2009లో నెదర్లాండ్స్‌లోని హాన్స్ క్లెవర్స్ ల్యాబ్ నుంచి సాటో వాళ్ళ పేపర్ వచ్చింది కదా, దాంట్లోనూ పాసేజ్‌లు సాగడానికి నాగిన్ కావాల్సొచ్చింది. మనిషి నాగిన్‌కీ మౌస్ నాగిన్‌కీ తేడా చాలా తక్కువ, ఆ భయం వదిలెయ్. ఎండలో రావడం గురించి కూడా అంత కంగారొద్దు, ఎండబెట్టిన పొడి కాబట్టి కొన్ని రోజులు తట్టుకుంటుంది. అసలు చిక్కు కరిగించాకే మొదలవుతుంది. నువ్వు దేంట్లో కరిగించావు, మూత తీసే ముందు సెంట్రిఫ్యూజ్‌లో స్పిన్ చేశావా, ఎన్నిసార్లు కరిగించి మళ్ళీ గడ్డకట్టించావు, ఇవి చెప్పు.

క్రిప్ట్‌పిల్ల:
స్పిన్ చేయలేదక్కా. ఒక ఎంఎల్ ఒట్టి పీబీఎస్ (ఉప్పు బఫర్) పోసి వోర్టెక్స్ మెషిన్ మీద గట్టిగా ఊపాను, ఒకే ట్యూబ్‌లో మైనస్ 20లో పెట్టి ప్రతి మీడియంకీ అదే తీసి వాడాను, ఇప్పటికి ఎనిమిది తొమ్మిది సార్లు అయుంటుంది. ఆ ఫ్రీజర్ కూడా మంచు దానంతటదే కరిగించుకునే రకం.

బెంగళూరు అక్క:
అదే అమ్మా, జబ్బంతా అక్కడే ఉంది. పొడి కంటికి కనపడనంత ఉంటుంది, దార్లో ఊగి మూతకీ గోడలకీ అతుక్కుంటుంది, అందుకే ముందు స్పిన్ చేసి తెరవాలి. వోర్టెక్స్ అసలొద్దు, నురగ వస్తే ప్రోటీన్ చెడుతుంది, మెల్లగా తిప్పి ఓ పదిహేను నిమిషాలు వదిలెయ్. ఎందులో కరిగించాలో వయల్‌తో వచ్చిన కాగితం చూడు, ఈ.కోలై బ్యాక్టీరియాలో చేసిన కొన్నిటికి పల్చటి హెచ్‌సీఎల్ లాంటి ఆమ్లంలో ముందు కరిగించమంటారు, కొన్నిటికి పీబీఎస్ చాలు. దాంట్లో 0.1 శాతం బీఎస్ఏ (ఆవు అల్బుమిన్ ప్రోటీన్) కలుపు, లేకపోతే ఉన్న కాస్త ప్రోటీనూ ప్లాస్టిక్‌కి అంటుకుపోతుంది. 100 మైక్రోగ్రాములు ఒక ఎంఎల్‌లో అంటే వెయ్యి రెట్ల స్టాక్ కదా, 20 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పోసి మైనస్ 80లో దాచు. ఒక్కో ట్యూబ్ 20 ఎంఎల్ మీడియంకి సరిపోతుంది, తీసింది మళ్ళీ లోపల పెట్టొద్దు.

బీఎంపీ బాబాయ్:
అక్క చెప్పిందంతా కరెక్టే, కానీ సార్‌ని ఒప్పించాలంటే చేతిలో డేటా ఉండాలి తల్లీ. నాగిన్ చేసే పని బీఎంపీ లైగాండ్‌ని (సిగ్నల్ మోసే ప్రోటీన్‌ని) పట్టుకుని కణం మీది రిసెప్టార్ దగ్గరికి పోకుండా ఆపడం, 1992లో అమెరికాలోని హార్లాండ్ ల్యాబ్ వాళ్ళు కప్ప పిండాల్లో నాగిన్‌ని కనిపెట్టారు, ఎక్కువైతే పిండానికి పెద్ద తల వస్తుంది, అందుకే ఇంగ్లీషు వాడుకలో తలకాయని పిలిచే ఆ పేరు పెట్టారు. కాబట్టి టెస్ట్ తేలిక. మీ ల్యాబ్‌లో సీ2సీ12 కణాలు (మౌస్ కండర కణాలు) ఉంటే సీరం తగ్గించి ఉంచు, బీఎంపీ-4 ఎంఎల్‌కి 10 నానోగ్రాములు తీసుకుని నాగిన్‌తో ముందే అరగంట కలిపి పెట్టి అప్పుడు కణాలకి వెయ్యి, గంట తర్వాత కణాలు పగలగొట్టి లైసేట్ తీసి ఫాస్ఫో స్మాడ్ 1/5 బ్లాట్ చెయ్, బీఎంపీ సిగ్నల్ లోపలికి అందితేనే ఆ బ్యాండ్ నల్లగా వస్తుంది. ఏమీ వేయనిది, ఒట్టి బీఎంపీ, బీఎంపీతో నీ పాత నాగిన్, బీఎంపీతో పక్క ల్యాబ్‌లో అడిగి తెచ్చిన నాగిన్, ఈ నాలుగు లేన్లు చాలు. నాగిన్‌ని కొంచెం ఎక్కువ, తక్కువ మోతాదుల్లో కూడా వేసి చూడు.

బోస్టన్ తెలుగోడు:
ఇంత కష్టం ఎందుకండీ, ఎల్‌డీఎన్-193189 (బీఎంపీ సిగ్నల్‌ని ఆపే చిన్న రసాయనం) వేసేయండి 100 నుంచి 200 నానోమోలార్, చవక, ఫ్రీజర్‌లో గొడవ లేదు. మేము ఐపీఎస్ కణాల (మామూలు కణాల్ని మార్చి చేసిన మూలకణాలు) నుంచి న్యూరాన్లు చేసేటప్పుడు నాగిన్ మానేసి అదే వాడుతున్నాం.

బెంగళూరు అక్క:
న్యూరల్ పనికి ఓకే తమ్ముడూ, కానీ అది రిసెప్టార్ కైనేజ్‌ని ఆపుతుంది, నాగిన్ లైగాండ్‌ని ఆపుతుంది, రెండూ ఒకటి కాదు. నాగిన్ బీఎంపీ-2, 4 లాంటివాటిని గట్టిగా పట్టుకుంటుంది గానీ బీఎంపీ-9 దానికి లొంగదు. ఈ అమ్మాయి సగం డేటా నాగిన్‌తో తీసింది కదా, మధ్యలో మార్చితే పాత ప్లేట్లతో పోల్చుకోడానికి ఉండదు.

క్రిప్ట్‌పిల్ల:
బ్లాట్ అయింది! పాత నాగిన్ లేన్‌లో బ్యాండ్ ఒట్టి బీఎంపీ లేన్ ఎంత నల్లగా ఉందో అంతే ఉంది, అడిగి తెచ్చినదాని లేన్‌లో దాదాపు కనపడట్లేదు. సార్‌కి ఫిల్మ్ చూపించాను, కొత్త వయల్ ఆర్డర్ పెట్టారు. ఈసారి స్పిన్ చేసి, కాగితంలో చెప్పినట్టే కరిగించి బీఎస్ఏ కలిపి చిన్న ట్యూబుల్లో దాచాను, ఇవాళ పొద్దున నాలుగో పాసేజ్ చూస్తే ఒక్కో దానికి ఏడెనిమిది మొగ్గలు ఉన్నాయి. అక్కా, బాబాయ్, మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. మైక్రోస్కోప్ ఫోటో సాయంత్రం పెడతా.