కొన్న పన్నెండో రోజుకే ఆటోమేటిక్ గేరుబాక్సులో వణుకు: ముందు ఆయిల్ మార్చాలా, ముందు పరీక్షించాలా?

సీతమ్మధార_ప్రశ్న:

పెద్దలందరికీ నమస్కారం. పన్నెండు రోజుల క్రితం విశాఖ నగరంలోనే ఒక వ్యాపారి దగ్గర 2017 నాటి డీజిల్ కారు కొన్నాను. ఆరు గేర్ల ఆటోమేటిక్, ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్ రకం. మీటరులో 68,000 కిలోమీటర్లు ఉన్నాయి. కొనే ముందు డాబా గార్డెన్స్ చుట్టుపక్కల సాయంత్రం రద్దీలో నాలుగు కిలోమీటర్లు నడిపి తృప్తిపడ్డాను. ఆ తొందరపాటు నాదే కనుక దాని మీద చర్చ అక్కర్లేదు.

ఇప్పుడు రెండు బాధలున్నాయి. మధురవాడ దాటి ఆనందపురం వైపు హైవే మీద 65, 75 కిలోమీటర్ల వేగం మధ్య యాక్సిలరేటరు మీద పాదం తేలికగా ఆనించి వెళ్తుంటే, టోల్‌గేటు ముందు వేసే మందపాటి గీతల మీదుగా చక్రాలు పోతున్నట్టు బండంతా రెండు మూడు సెకన్లు వణికి ఆగిపోతోంది. గట్టిగా తొక్కితే వణుకు ఉండదు, సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు అసలే లేదు. రెండోది, పొద్దున మొదటిసారి పార్క్ నుంచి డ్రైవ్‌లో పెడితే ఒకటిన్నర సెకను ఏమీ జరగదు, ఆ తరువాత దబ్బున పట్టుకుంటుంది.

ఒక షెడ్డులో ఆయిల్, ఫిల్టరు మార్చేస్తే చాలావరకు పోతుందన్నారు. ఇంకో షెడ్డులో ఈ వయసు గేరుబాక్సులో ఆయిల్ ముట్టుకుంటే ఉన్నది కూడా పోతుందని భయపెట్టారు. ఎవరి మాట వినాలి?

ఎన్ఏడీ_మలుపు:

మొదటివారి మాటే వినండి. మీరు చెప్పినది లాకప్ క్లచ్ వణుకు, అంటే నిలకడ వేగంలో ఇంజిన్‌ను గేరుబాక్సుతో నేరుగా కలిపే, కన్వర్టరు లోపలి క్లచ్‌ది. అందులో నాకు సందేహం లేదు. నా పాత బండికి ఇదే లక్షణం వస్తే ఆయిల్, ఫిల్టరు మార్పించాను, పది వేల లోపే ఖర్చయింది, మూడేళ్లుగా మళ్లీ రాలేదు. స్కానరు పెట్టడానికి ఒకరు, పరీక్షగా నడిపి చూడడానికి ఒకరు, విప్పి చూడడానికి ఇంకొకరు డబ్బు అడుగుతారు, చివరకు అందరూ చెప్పేది ఆయిల్ మార్చమనే. చౌకగా తేలే పనిని ముందు చేసి, తేలకపోతే అప్పుడు పరీక్షలకు వెళ్లడమే మధ్యతరగతి మనిషికి తగిన పద్ధతి.

ఆటోనగర్_పాతచేయి:

ఎన్ఏడీ వారు చెప్పిన రోగం పేరు బహుశా నిజమే కావచ్చు, కాని చెప్పిన వరుస తప్పు. గేరుబాక్సులో ఉన్న పాత ఆయిలే మీకున్న ఒకే ఒక్క సాక్షి. ఎంత ఉంది, ఏ రంగులో ఉంది, మాడిన వాసన వస్తోందా, సంప్ (గేరుబాక్సు కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున అయస్కాంతానికి ఏమి అంటుకుంది అనే నాలుగు ప్రశ్నలకు అదే జవాబు చెబుతుంది. దాన్ని పారబోసి కొత్తది పోసిన తరువాత, వణుకు తగ్గినా ఎందుకు తగ్గిందో తెలియదు, తగ్గకపోయినా ఎందుకు తగ్గలేదో తెలియదు.

మీరు రాసిన రెండు లక్షణాలకు ఒకే కారణం ఉండాలని లేదు. హైవే మీద తేలికపాటి తొక్కుడులో వచ్చే వణుకు లాకప్ దగ్గరిదే అనిపిస్తోంది, ఎందుకంటే ఘాట్ మీద గట్టిగా తొక్కి చిన్న గేర్లలో ఎక్కేటప్పుడు లాకప్ చాలావరకు విడిపోయే ఉంటుంది. దీన్ని మీరే తేల్చుకోవచ్చు. వెనుక బండ్లు లేని సమయం చూసి, వణుకు మొదలైన క్షణంలో యాక్సిలరేటరు అలాగే ఉంచి, బ్రేకు పెడలును ఎడమ పాదంతో బ్రేకు లైటు వెలిగేంత మాత్రమే తాకండి. బ్రేకు స్విచ్ పడగానే చాలా బండ్లలో లాకప్ విడిపోతుంది. అప్పుడు వణుకు ఠక్కున ఆగితే అది లాకప్పే. ఆగకపోతే ఇంజెక్టర్లు, ఇంజిన్ మౌంటింగులు, డ్రైవ్‌షాఫ్టులు చూడాలి, అప్పుడు గేరుబాక్సు ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.

పొద్దుటి ఆలస్యం సంగతి వేరు. ఆయిల్ తక్కువగా ఉన్నా, లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడినా ఆ లక్షణం వస్తుంది. మీ రకం గేరుబాక్సుల్లో చాలావాటికి గేజ్ పుల్ల ఉండదు. బండిని నాలుగు చక్రాల మీదా సమంగా పైకెత్తి, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ వేడి కంపెనీ చెప్పిన డిగ్రీల మధ్యకు రాగానే, పక్కనున్న చెక్ బోల్టు విప్పి సన్నగా కారుతోందా లేదా చూడాలి. ముందు చక్రాలకు మాత్రమే జాకీ వేసి చూసేవాడి దగ్గర ఈ పని చేయించకండి. స్టాల్ టెస్టు, అంటే గేరులో పెట్టి బ్రేకు గట్టిగా పట్టి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి చూసే పరీక్ష, చేద్దామని ఎవరైనా అంటే, చేయి తిరిగినవాడు కాకపోతే వద్దనండి. ఐదు సెకన్లు మించి తొక్కిపట్టి ఉంచితే లోపలి ఆయిల్ వేడికి పాడైపోతుంది.

లాసన్స్‌బే_నెమ్మది:

రెండో షెడ్డు మాటను ఎవరూ పట్టించుకోకపోవడం బాగాలేదు. మా బంధువుల బండి లక్ష దాటాక మిషన్ పెట్టి ఆయిల్ కడిగించారు, నెల తిరగకుండా గేర్లు జారడం మొదలైంది. పాత ఆయిల్‌లో కలిసిన క్లచ్ పొడే ఆ అరిగిన ప్లేట్లకు పట్టు ఇస్తుందని మా మేస్త్రీ అంటారు.

ఆటోనగర్_పాతచేయి:

మీ బంధువుల బండి విషయంలో కడిగించకముందు ఆ ప్లేట్ల స్థితి ఏమిటో ఎవరికీ తెలియదు, నేను పైన మొత్తుకున్నది సరిగ్గా అందుకే. జారడం మొదలయ్యాకే చాలామంది ఆయిల్ గుర్తుకొచ్చి మారుస్తారు, తరువాత నేరం ఆయిల్ మీద పడుతుంది. క్లచ్ పొడి పట్టు ఇస్తుందన్న మాట మా ఆటోనగర్‌లో నేనూ ముప్పై ఏళ్లుగా వింటున్నాను, కాని ఆ పొడి వాల్వ్ బాడీలో (గేర్లు మార్చేందుకు ఆయిల్‌ను అటూ ఇటూ పంపే భాగంలో) సన్నటి దారులకు అడ్డం పడడమే నేను కళ్లారా చూశాను. మిషన్ ఒత్తిడితో కడగడం మాత్రం నాకూ ఇష్టం ఉండదు.

అందుకే డ్రెయిన్ పద్ధతి మేలు. మొత్తం ఏడు లీటర్లు పట్టే గేరుబాక్సులో బోల్టు విప్పితే మూడున్నర వరకే వస్తుందనుకోండి, మిగిలినది కన్వర్టరులో ఉండిపోతుంది. ఒకసారి మారిస్తే సగం కొత్తది, మధ్యలో కొన్ని వందల కిలోమీటర్లు నడిపి రెండోసారి మారిస్తే 75 శాతం, మూడోసారికి 87 శాతం దాటుతుంది. 'జీవితకాలపు ఆయిల్' అని పుస్తకంలో రాసినవారు ఎవరి జీవితకాలమో రాయరు. గేరుబాక్సులు తయారుచేసే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్ మాత్రం తన ఆటోమేటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య గాని, 8 ఏళ్లకు గాని మార్చుకోమనే చెబుతుంది.

రుషికొండ_ఉదయం:

ఒక చిన్న సంగతి, కాని సీతమ్మధార వారికి డబ్బు పరంగా ఇదే ముఖ్యం కావచ్చు. బండి కంప్యూటరును చదివే ఏ మామూలు ఓబీడీ స్కానరు పెట్టినా, అందులో నమోదైన తప్పుల కోడ్‌లు తుడిచేసిన తరువాత బండి ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చూపించే వరుస ఒకటి ఉంటుంది. మీరు కొన్నాక నడిపిన దూరాన్ని దానిలోంచి తీసేయండి. మిగిలినది పది, ఇరవై కిలోమీటర్లే అయితే, అమ్మకానికి ముందు ఎవరో తప్పులు చెరిపేశారని అర్థం. అలాగే 68,000 నడిచిన బండిలో గేరుబాక్సు ఆయిల్ కొత్తదానిలా చెర్రీ రంగులో మెరుస్తుంటే సంతోషించకుండా, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు అని అడగండి.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు ఎన్నో కార్లు నీట మునిగాయి. కనుక సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చార ఉందేమో కూడా చూడండి. గేరుబాక్సు గాలి గొట్టం గుండా నీరు చేరితే ఆయిల్ పాలు కలిపినట్టు అవుతుంది.

ఎన్ఏడీ_మలుపు:

బ్యాటరీ మార్చినా కొన్ని బండ్లలో ఆ లెక్క సున్నా అవుతుంది. పాత బండికి కొత్త బ్యాటరీ వేసి అమ్మడం మోసం కాదు కదా. ఆ అంకె పట్టుకుని అమ్మినవారి మీదకు వెళ్తే మాట పడవలసి వస్తుంది.

రుషికొండ_ఉదయం:

నిజమే, ఒప్పుకుంటున్నాను. బ్యాటరీ మీద తేదీ కూడా చూసి మాట్లాడాలి.

సీతమ్మధార_ప్రశ్న:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు ఆనందపురం రోడ్డు మీదకు వెళ్లాను. ఐదుసార్లు వణుకు తెప్పించి, ఐదుసార్లూ పాతచేయి గారు చెప్పినట్టే బ్రేకు తాకాను. నాలుగుసార్లు స్విచ్ కట్టేసినట్టు ఆగిపోయింది, ఆర్‌పీఎం ముల్లు రెండు వందల దాకా పైకి లేచింది. ఐదోసారి నా పాదమే గట్టిగా పడి వేగం తగ్గిపోయింది కనుక దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

సోమవారం ఆటోనగర్‌లో, నాలుగు స్తంభాల లిఫ్ట్ ఉన్న షెడ్డుకు వెళ్లాను. స్కానరులో పీ0741 పెండింగులో ఉంది, అంటే లాకప్ క్లచ్ సరిగా పట్టడం లేదన్న కోడ్. నేను నడిపినది 260 కిలోమీటర్లు, కోడ్‌లు తుడిచాక నడిచిన దూరం 291. బ్యాటరీ మీద తేదీ రెండేళ్ల కిందటిది. ఆయిల్ వేడెక్కాక చెక్ బోల్టు విప్పితే ఒక్క చుక్క రాలేదు. కొలగిన్నెతో పోస్తూ వెళ్తే 600 మిల్లీలీటర్ల దగ్గర కారడం మొదలైంది. ఎడమ డ్రైవ్‌షాఫ్టు సీలు చుట్టూ తడి, దాని మీద మన సముద్రపు గాలి ఇసుక ముద్దలా అంటుకుని ఉంది. పాత ఆయిల్‌ను తెల్ల కాగితం మీద వేస్తే కాఫీ రంగు మరక పడింది కాని మాడు వాసన లేదు, వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగల్లేదు.

సీలు మార్చి, లెవెల్ సరిచేసి, ఆయిల్ మార్చకుండానే రెండు రోజులు నడిపాను. పొద్దుటి ఆలస్యం పూర్తిగా పోయింది. వణుకు తగ్గింది కాని పోలేదు. మూడో రోజున కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్‌తో డ్రెయిన్ చేయించాను. మూడు లీటర్ల ఎనిమిది వందలు వచ్చింది, అంతే పోశారు. సంప్ అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంది, ముక్కలు లేవు. ఇప్పటికి 400 కిలోమీటర్లు. వణుకు రోజుకు ఒకసారి, అదీ చెవి పెట్టి వింటే తెలిసేంత.

ఎన్ఏడీ_మలుపు:

చివరకు తగ్గించింది ఆయిలే కదా!

ఆటోనగర్_పాతచేయి:

తగ్గించింది ఆయిలే, కాదనను. కాని మొదటి రోజే మార్చి ఉంటే పాత 600 లోటు కొత్త ఆయిల్‌తో పాటే పూడిపోయేది, సీలు అలాగే కారేది, దసరాకు అరకు ఘాట్ మీద మళ్లీ ఇదే ప్రశ్న వచ్చేది. రెండో డ్రెయిన్ వెయ్యి కిలోమీటర్ల దగ్గర చేయించండి. ఆ తరువాత కూడా పీ0741 తిరిగి వస్తే కన్వర్టరు గాని, లాకప్ సొలినాయిడ్ (లాకప్‌కు ఆయిల్ వదిలే కరెంటు వాల్వ్) గాని చూడవలసిందే.

సీతమ్మధార_ప్రశ్న:

అలాగే చేస్తాను. స్కానరు ఫొటో, బ్యాటరీ తేదీ ఫొటో పక్కపక్కన పెట్టి అమ్మినవారికి చూపించాను. కోడ్‌లు తామే తుడిచామని ఒప్పుకోలేదు కాని సీలు ఖర్చు ఇచ్చారు. ఆయిల్ డబ్బు మాత్రం ఇవ్వనన్నారు, దాని మీద ఇంకా మాట్లాడుతున్నాం.