థైలకోలియోని చంపింది మనిషా, కరువా?

రాళ్ళపిచ్చోడు:
రాత్రి నిద్ర పట్టక ఆస్ట్రేలియా పాత జంతువుల గురించి చదువుతూ థైలకోలియో దగ్గర ఆగిపోయా. సంచి సింహం అంటారు గానీ పిల్లి జాతితో సంబంధమే లేదు, దగ్గరి చుట్టాలు కోవాలా, వాంబాట్. అంటే ఆకులు మేసే ఇంట్లో పుట్టి మాంసం మరిగింది. బరువు 100 కేజీల పైనే. కోరలు పేరుకే, పొడవడానికి ముందుపళ్ళు, దవడ పక్కన మాత్రం ఒక్కో పన్ను అడకత్తెర బద్దలా సాగి ఉంటుంది, పైదీ కిందదీ కలిస్తే మధ్యలో ఉన్నది తెగాల్సిందే. ముందుకాలి బొటనవేలికి ఇంత గోరు. దాదాపు 45 వేల ఏళ్ళ కింద మాయమైపోయింది. మనుషులు అక్కడ దిగింది దానికి కాస్త ముందే కదా, మనవాళ్ళ పనేనా లేక వానల్లేక పోయిందా? నేనైతే కరువు సైడ్.

వరంగల్_పోరడు:
కరువు అంటే ఎట్ల ఒప్పుకుంటమన్నా? 2002ల నల్లార్బోర్ మైదానం కింద గుహలల్ల దీని అస్థిపంజరం పూర్తిగ దొరికింది, పైనున్న పొక్కలకెళ్ళి పడి అండ్లనే సచ్చిపోయిందట. ఆ మైదానంల ఇప్పుడు చెట్టే కనవడదు. అక్కడి జంతువుల పండ్లు పరీక్ష చేసి 2007ల ఏం చెప్పిన్రంటే, అప్పట్ల గూడ ఆడ వానలు ఇప్పటి లెక్కనే తక్కువ అని. ఎన్నో మంచుయుగాలు దాటినదానికి ఆఖరికి వచ్చిన కరువే ఎందుకు తగిలింది మరి? అసలు గట్టి సలి, ఎండుడు 21 వేల ఏండ్ల కింద, అప్పటికే ఇది పోయి ఎన్నడో అయింది.

గోదారి_గట్టు:
తమ్ముడూ, దొంగతనం జరిగిన రోజు ఊళ్ళోకి వచ్చినోడల్లా దొంగేనేంటి? నల్లార్బోర్ ఎముకలు చాలావరకు రెండు లక్షల ఏళ్ళకి పైబడినవే, అప్పుడు తట్టుకుంది కాబట్టి తర్వాత కూడా తట్టుకుంటుందని ఎలా చెప్తావు. పైగా ఉత్తరాన మడ్జెడ్‌బెబె దగ్గర మనుషులు 65 వేల ఏళ్ళ కిందటే ఉన్నారంటున్నారు (దాని మీదా గొడవ ఉందిలెండి), అదే నిజమైతే ఇద్దరూ 20 వేల ఏళ్ళు పక్కపక్కనే బతికారన్నమాట. దీన్ని మనిషి వేటాడాడని తిరుగులేని ఎముక ఒక్కటి చూపించు, నోరు మూసుకుంటా.

అడిలైడ్_అల్లుడు:
మేం ఉండేది అడిలైడ్‌లోనే, పోయిన లాంగ్ వీకెండ్‌కి నారకూర్ట్ గుహలకి వెళ్ళాం, కార్లో నాలుగు గంటలు. లోపల మట్టిలో ఎముకలు కుప్పలు కుప్పలుగా ఉంటాయి, పక్కనే థైలకోలియో బొమ్మ అస్థిపంజరం నిలబెట్టారు. నేను పెద్ద సింహం అంత ఊహించుకున్నా, మా ఆవిడ "ఇంతేనా" అంది, కానీ వంగి ఆ పక్కపన్ను చూశాక ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. 2005లో ఒక లెక్క వేశారు, 100 కేజీల థైలకోలియో కాటు 250 కేజీల ఆఫ్రికా సింహం కాటుకి సమానమట! అటు పశ్చిమాన టైట్ ఎంట్రన్స్ కేవ్‌లో గోడల నిండా దీని గోళ్ళ గీతలు ఉన్నాయి, పిల్లలవి కూడా. అంటే గుహలో పడి చావడమే కాదు, నిటారు రాళ్ళెక్కి బయటికి పోయి మళ్ళీ వచ్చేవి, పిల్లల్ని అక్కడే పెంచేవి.

గోదారి గట్టు గారూ, మనిషి దీన్నే పొడవక్కర్లేదు కదండీ. తినేవాటిని తగ్గిస్తే చాలు. క్వీన్స్‌లాండ్‌లో లించ్ క్రేటర్ అని పాత బురదగుంట ఉంది, పేడ మీద పెరిగే బూజు విత్తనాలు ఆ బురదలో పొరలు పొరలుగా ఉన్నాయి. 41 వేల ఏళ్ళ దగ్గర అవి ఒక్కసారి పడిపోయాయి, అంటే పేడ వేసే పెద్ద జంతువులు లేవు. బొగ్గు పెరిగింది ఆ తర్వాత, మేసేవాళ్ళు లేక గడ్డీ గాదం పేరుకుని మంటలు ఎక్కువయ్యాయని వాళ్ళ వాదన. ఆ టైమ్‌లో అక్కడ వాతావరణం పెద్దగా మారలేదు.

బేతంచెర్ల_రెడ్డి:
మా ఊరి పక్కనే బిల్లసర్గం గుహలు ఉండాయి, చిన్నప్పుడు గబ్బిలాల కంపుకి లోపలికి పోలేక తిరిగొచ్చేటోళ్ళం. 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ తవ్వించినాడు, మళ్ళీ ఈ మధ్య తవ్వి 2014లో లెక్క తేల్చినారు, రెండు లక్షల ఏళ్ళలో ఆడ కనపడిన 21 రకాల జంతువుల్లో 20 ఇప్పటికీ బతికే ఉండాయంట. కరువులు మాకు రాలేదా ఏంది, రాయలసీమకే చెప్తారా! తేడా ఎక్కడంటే, మన దేశంలో రాతి పనిముట్లు పట్టిన మనిషి లక్షల ఏళ్ళ నుంచి ఉండాడు, జంతువులు వాణ్ణి చూసి జంకడం నేర్చుకున్యాయి. ఆస్ట్రేలియాలో ఉన్నట్టుండి దిగినాడు, రెండు కాళ్ళ జీవిని చూసి ఎవురు పరిగెత్తుతారప్పా.

వరంగల్_పోరడు:
గిది కదా పాయింట్ రెడ్డన్నా 🔥

గోదారి_గట్టు:
పాయింటే, కాదనను. కానీ బేతంచెర్లలో నీళ్ళు లేకపోతే జంతువు ఇంకో అడవికి పోతుంది, తడి తగ్గగానే తిరిగొస్తుంది. ఆస్ట్రేలియా చుట్టూ సముద్రం, మధ్యలో ఎడారి, ఎక్కడికి పోవాలి?

రాళ్ళపిచ్చోడు:
ఒక పక్క సంగతి. దీనికి పేరు పెట్టిన రిచర్డ్ ఓవెన్ 1859లో లండన్‌లో కూర్చుని పుర్రె చూసి మహా క్రూరమృగం అన్నాడు, సిడ్నీ మ్యూజియం క్రెఫ్ట్ మాత్రం కాదు పొమ్మన్నాడు, ఆకులూ అలములూ తినే బాపతే అని. అంటే అసలు మాంసం తింటుందా లేదా అన్నదానికే ఏళ్ళు పట్టింది, చంపిందెవరో మనం ఒక్క రాత్రిలో తేలుస్తున్నాం. కరువు సైడ్ నుంచి సగం దిగా, ఆ పేడ లెక్కకి.

అడిలైడ్_అల్లుడు:
సగమే దిగండి. లించ్ క్రేటర్ ఒక్క గుంట, అదీ నారకూర్ట్‌కి రెండు వేల కిలోమీటర్ల పైనే. నేను వంగి చూసిన పన్ను ఉన్న చోట ఏం జరిగిందో ఆ గుంట ఎలా చెప్తుంది?